తొమ్మిదికి ఎదురుగా

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మా మరిది నాకు రెండున్నర గంటల గడువిచ్చాడు. ఇచ్చాడనడం కూడా ఎక్కువే. చేతి గడియారం చూసుకుని, "నాలుగింటికి ఆ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను వదినా, ఈలోగా మీ సరదా తీర్చుకోండి" అన్నాడు. సరదా అట. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ మీదట పదేళ్ళుగా సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని. నాది సరదా, మా చెల్లెలి మొగుడు ఇన్‌స్పెక్టర్ గనక ఆయనది మాత్రం ఉద్యోగం.

జరిగింది నిన్న. బోర్డు గేముల షాపు నడిపే మాస్టారు తన షాపు వెనక గదిలో తల పగిలి పడి ఉన్నాడు. ఒకప్పుడు లెక్కలు చెప్పిన మనిషి, అందుకే ఇప్పటికీ అందరికీ మాస్టారే. పక్కన నిచ్చెన. చూసినవాళ్ళెవరైనా పైనుంచి జారిపడ్డాడనే అనుకుంటారు. మా మరిది అనుకోలేదు, ఆ మాత్రం మెచ్చుకోవాలి. ఆ నిచ్చెన కాళ్ళు మడిచి, కొక్కెం వేసి ఉన్నాయి. మడిచిన నిచ్చెన ఎవరూ ఎక్కరు. ఎవరో వెనకనుంచి కొట్టి, ఆ తర్వాత నిచ్చెన తెచ్చి పక్కన పడుకోబెట్టారు. పక్క షాపులో బట్టలు కుట్టే ఆవిడకి దబ్బుమన్న చప్పుడు సరిగ్గా మూడూ ఇరవైకి వినబడింది. స్కూలు వ్యాను వాళ్ళ పాపని దింపిన నిమిషం అది, అందుకే టైము గుర్తుంది.

అనుమానం మాస్టారి కూతురి మీద. రెండున్నరకి తండ్రీ కూతుళ్ళు అరుచుకున్నారని చెప్పింది ఆ కుట్టుపనావిడే. మూడూ అయిదుకే కొరియర్ ఆఫీసుకి బయల్దేరాననీ, అక్కడ క్యూలో నిలబడ్డాననీ పిల్ల అంటుంది. రసీదు మీద టైము మూడూ ముప్పై ఒకటి, నడక నాలుగు నిమిషాలు. కొరియర్ గుమాస్తాకి ఒక్క ముఖమూ గుర్తులేదు. మాస్టారికి స్పృహ రాలేదు. ఈరోజు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు అన్నారు డాక్టర్లు. ఆయన కళ్ళు తెరిచి నిజం చెబితే పిల్ల బయటపడుతుంది, లేకపోతే కన్నతండ్రిని చంపబోయిందన్న పేరుతో జైల్లో కూర్చుంటుంది. నిన్న సాయంత్రం నుంచి ఆస్పత్రిలో మంచం పక్క కుర్చీ వదలకుండా, అక్కణ్ణుంచే ఫోన్ చేసి నన్ను పెట్టుకుంది.

నేను ముందుగా వెళ్ళింది మాస్టారి తోడల్లుడి దగ్గరికి. కూతురు బాబాయి అంటుంది గనక వీధిలో అందరికీ ఆయన బాబాయే. షాపు వెనక తలుపు తీసి సందు దాటితే ఆయన గోడౌన్, గట్టిగా ఇరవై అడుగులు. మా మరిది కూడా వెంటబడ్డాడు. ఒంటరిగా వదిలితే నేను సాక్షుల్ని బెదరగొడతానట.

ఇక్కడ ఆ ఆట సంగతి కాస్త చెప్పాలి. మాస్టారు సొంతంగా ఒక రోల్‌ప్లే ఆట తయారుచేశాడు. అయిదారుగురు బల్ల చుట్టూ చేరి తలా ఒక పాత్ర వేస్తారు, ఒకరు కథ నడుపుతారు. కత్తి తగిలిందా, తాళం ఊడిందా, చెప్పిన అబద్ధం ఎదుటివాడు నమ్మాడా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ పాచికకి ఇరవై ముఖాలు. దాని అచ్చు బాబాయి తన చేత్తో చెక్కాడు, పోత పోసిందీ ఆయనే, పెట్టెల్లో సర్దిందీ ఆయనే. మూడు వేల పెట్టెలు, పెట్టెకో పాచిక, నిన్న మూడూ నలభై అయిదుకి లారీలో బయల్దేరాయి. రేపు పొద్దున వేరే ఊళ్ళో పెద్ద ప్రదర్శనలో విడుదల.

బాబాయి నాకు కుర్చీ తుడిచి మరీ వేశాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే నా బుర్ర కూడా కూర్చుంటుంది. కాలు కాలిన పిల్లిలా గోడౌన్ అంతా తిరుగుతూనే ప్రశ్నలు వేశాను, ఆయన నాతోపాటు తల తిప్పుకుంటూ ఓపిగ్గా జవాబులిచ్చాడు. నిన్న మూడింటి నుంచి మూడూ నలభై దాకా లోపలి గదిలో ఒక్కడే కూర్చుని పాచికని పరీక్ష చేస్తున్నాడట. రెండు వందల సార్లు వేసి, పడ్డ అంకె పడ్డట్టు కాగితం మీద రాశాడట. సరుకు మంచిదని లోడుతోపాటు పంపే కాగితం అది.

కాగితం కాపీ తీసి చూపించాడు. వరసకి పది అంకెలు, ఇరవై వరసలు. ప్రతి వరస ముందూ టైము: మూడు, మూడూ రెండు, మూడూ నాలుగు, అలా మూడూ ముప్పై ఎనిమిది దాకా. కింద ఆయన సంతకం. లారీ డ్రైవరు సాక్ష్యం దానికి బలం. రెండూ యాభై అయిదుకి తాళాల కోసం వచ్చినప్పుడు బల్లమీద ఖాళీ కాగితం చూశాడు, మూడూ నలభైకి వచ్చినప్పుడు నిండిన కాగితం తీసుకున్నాడు. రెండు వందలసార్లు పాచిక వేసి, ఆగేదాకా చూసి, రాయాలంటే నలభై నిమిషాలు పడుతుందని మా మరిది స్వయంగా కానిస్టేబుల్‌తో వేయించి చూసుకున్నాడు. మధ్యలో సందు దాటి వెళ్ళి మనిషిని కొట్టి రావడానికి టైమెక్కడిది?

మూడూ ఎనిమిదికి మాస్టారు ఈయనకి ఫోన్ చేసినట్టు రికార్డు ఉంది. నలభై సెకన్లు. ఏమన్నాడని అడిగాను.

"ఎప్పుడూ ఉండే పాటే. పాచిక బాగాలేదు, లారీ ఆపు, ఒకసారి వచ్చి చూడు అన్నాడు. మా అన్నయ్యకి ఉప్పు నీళ్ళ పిచ్చి మేడమ్. గ్లాసెడు నీళ్ళలో ఉప్పు కలిపి పాచిక పడేస్తాడు. తేలినప్పుడల్లా ఒకే అంకె పైకొస్తే లోపల గాలి బుడగ ఉందని, బరువు ఒకపక్కకి ఒరిగిందని లెక్క. అందుకే ఈ పరీక్ష చేశాను. చూడండి, ఒకటి నుంచి ఇరవై దాకా ప్రతి అంకె పదిసార్లో, తొమ్మిదో, పదకొండో. ఇంతకన్నా నిజాయితీగల పాచిక ఎక్కడుంటుంది?"

"ఫోన్ మాట్లాడుతూ కూడా వేశారా? మూడూ ఎనిమిది వరసలోనూ పది అంకెలున్నాయి."

"ఒక చెవి ఫోన్‌కి, ఒక చెయ్యి పాచికకి" అని నవ్వాడు.

నవ్వు బాగుంది, తడబాటు లేదు. నా చేతులు ఊరుకోక బల్లమీది క్లిప్పులు వంచుతుంటే చూసి, జేబులోంచి ఒక నీలం పాచిక తీసి ఇచ్చాడు. "నిన్న నేను వేసింది ఇదే, ఈ లోడులోదే. ఉంచుకోండి మేడమ్, చేతికి కాలక్షేపం" అన్నాడు. ఏ పాచికతో పరీక్ష చేశారని నేనింకా అడగనేలేదు. మా మరిది ఎదుటే తీసుకున్నాను. నున్నగా ఉంది. అంకెలు నీలం మీద ముదురు నీలం, కంటికి దగ్గర పెట్టుకుంటే తప్ప కనబడవు. నేను చదివే ప్రయత్నం కూడా చెయ్యలేదు, వేళ్ళ మధ్య తిప్పుకుంటూ బయటికొచ్చాను. రెండూ అయిదు.

ఆస్పత్రికి చేరేసరికి రెండూ ఇరవై. మూడో అంతస్తు, చివరి గది. మాస్టారు తలకి కట్టుతో కదలకుండా పడుకుని ఉన్నాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది, పాతికేళ్ళ పైన ఉంటాయి, నిన్నటి బట్టలే. నేను అడుగుపెట్టిన రెండో నిమిషంలో నర్సు వచ్చి, చేతిలో ఆ టిక్కుటిక్కు ఆపకపోతే బయటికి పంపేస్తానంది. పాచిక సంచిలో పడేశాను.

గొడవ దేనికని అడిగాను. పిల్ల మొదట సిగ్గుపడింది. ఫోన్ గురించట. ఆటకి వచ్చేవాళ్ళందరి దగ్గరా ఫోన్లున్నాయి, నొక్కితే అంకె వచ్చే యాప్ ఉంది, ఇంకా ఈ పాచికల తద్దినం ఎందుకని ఆమె వాదన. యాప్ సోఫా కిందికి దొర్లిపోదు, కుక్క మింగదు. మాస్టారు ఒప్పుకోలేదు. ఫోన్‌లో అంకె ఎలా వచ్చిందో ఎవరికీ కనబడదు, బల్లమీద పాచిక దొర్లుతుంటే అది ఆగేదాకా అందరూ ఒకేచోటికి చూస్తారు, ఆ చూపు కోసమే జనం వస్తారు అన్నాడట.

పైగా ఆయన పాచిక అమ్మే పద్ధతి వేరు. అడిగింది ఇచ్చి పంపడు. ముందు మనిషి చెయ్యి చూస్తాడు. చూపు ఆననివాళ్ళకి తెల్లపాచిక మీద పెద్ద నల్లంకెలు. తళతళలాడే గాజు రంగులు ఎంత అడిగినా ఇవ్వడు, ఆడేటప్పుడు కనబడక చస్తారంటాడు. చెయ్యి వణికేవాళ్ళకి చెక్క టవర్, పైన పడేస్తే మెట్లమీద దొర్లి కింద ట్రేలో ఆగుతుంది. లోహపు పాచికలు అడిగితే ఇంట్లో బల్ల గాజుదా చెక్కదా అని ఆరా. నాలుగు ముఖాలవి చిన్నపిల్లలున్న ఇంటికి అమ్మడు, కాలికింద పడితే ముల్లేనట. అసలు వేళ్ళు పట్టుకోలేనివాడొకడు వస్తే ఒకటి నుంచి ఇరవై దాకా అంకెల చీట్లు గుడ్డసంచిలో వేసిచ్చాడు, తియ్యి, చూడు, మళ్ళీ వెయ్యి అని. ఇవన్నీ రాసుకున్న నోటుబుక్కు కూడా ఉంది.

"ఆఖరికి నేనేమన్నానో తెలుసా ఆంటీ? నీ పాచికలతో నువ్వే ఆడుకో నాన్నా, నేను రేపట్నుంచి రాను అన్నాను. ఆ మాటే మిగిలిపోయింది." కళ్ళు తుడుచుకుంది. మా నాన్నతో నేనన్న మాటలు నాకూ ఉన్నాయి.

మాట మళ్ళించడానికి ఉప్పు నీళ్ళ సంగతి అడిగాను. నిజమేనంది. కానీ అది రెండో పరీక్ష. కొత్త పాచిక ఏది వచ్చినా నాన్న ముందు చేసేది ఇంకొకటి అంటూ తాళాలగుత్తికి వేలాడే పాచిక చూపించింది. పై ముఖమూ దాని కింది ముఖమూ ఎప్పుడు కలిపినా ఇరవై ఒకటి రావాలి. ఒకటి పైనుంటే కింద ఇరవై, ఏడు పైనుంటే కింద పద్నాలుగు. నాన్న ప్రతి జతా చూశాకే ఉప్పు ముట్టుకుంటాడు. "ముందు కన్ను, తర్వాత ఉప్పు అంటారు. బాబాయికి ఆ ఓపిక లేదు, నేను చెక్కిన అచ్చుకి వంకేమిటంటారు."

లేచి వచ్చేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "నన్ను ఏమైనా చేసుకోమనండి ఆంటీ. ఈ కుర్చీలోంచి మాత్రం లేపొద్దనండి. నాన్న కళ్ళు తెరిస్తే నేను కనబడాలి." నాలుగింటిలోగా చూస్తానన్నాను. అంతకుమించి మాటివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆ సంగతి ఆమెకీ అర్థమైంది.

మూడూ అయిదుకి షాపు వెనక గదిలో ఉన్నాను. చిన్న గది. మధ్యలో ఆరుగురు పట్టే బల్ల, దాని మీద పచ్చగుడ్డ పరిచిన చెక్క ట్రే. గోడ పొడుగునా చిన్నచిన్న సొరుగులు, ఒక్కో దానికి మాస్టారి చేతిరాతతో చీటీ: వణుకు చెయ్యి, మందచూపు, కోపిష్టి. కోపిష్టి సొరుగు తెరిచి చూశాను. అన్నీ రబ్బరు పాచికలే, విసిరికొట్టినా ఎవరికీ దెబ్బ తగలదు. ఇంకోసారైతే నవ్వేదాన్ని.

నేలమీద సుద్దగీత, మాస్టారు పడ్డ చోటు. తల ట్రే వైపు, కాళ్ళు వెనక తలుపు వైపు. అంటే ఆ తలుపులోంచి వచ్చినవాణ్ణి చూసి, మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. దొంగకి ఎవరూ వీపు చూపించరు. లోపలికి రానిచ్చిన మనిషికి ఏదో చూపించబోతూ తిరిగాడు. నిచ్చెన ఉండే మూల వెనక తలుపు పక్కనే. షాపులోంచి గదిలోకి వచ్చే తలుపు మాత్రం బల్లకి ఎదురుగా ఉంది, అటునుంచి వచ్చేవాళ్ళు మాస్టారి ముఖం చూస్తూ వస్తారు. కూతురు వచ్చేదీ పోయేదీ అటే.

బల్లమీద ఉప్పు ప్యాకెట్ ఉంది, విప్పలేదు. గ్లాసు పెట్టిన తడి మచ్చ ఉంది. గోడకి వేలాడే పలకమీద సుద్దతో రెండు ముక్కలు: "9కి 2. లారీ ఆపాలి."

నేను ఆ పలక ముందు నిలబడి ఉండగా మా మరిది వచ్చాడు. అది మేమూ చూశాం, లారీ టైములు, తొమ్మిదికి రావలసింది రెండింటికి వచ్చింది, అందుకే ముసలాయన చిరాకుపడ్డాడు అన్నాడు. గ్లాసేదని అడిగాను. విషం ఉందేమోనని ల్యాబ్‌కి పంపించాడట, పొద్దున రిపోర్టు వచ్చిందట. ఏం తేలింది మరిదిగారూ అంటే గొంతు సవరించుకుని, "మంచినీళ్ళు" అన్నాడు. ఉప్పు కూడా లేదు. అంటే మాస్టారు రెండో పరీక్షదాకా పోనేలేదు. ఆయనకి తప్పు కంటితోనే కనబడింది. అది బయటికే అన్నాను.

"ఏం తప్పు?"

"తెలియదు."

"తెలియనిది కోర్టుకి చెప్పమంటారా?"

కోపం నషాళానికంటింది. గోడౌన్‌లో నా ఫోన్‌తో తీసుకున్న బాబాయి కాగితం ఫొటో ఆయన ముక్కు ముందు పెట్టాను. రెండు వందల అంకెల్లో ఒకే అంకె వెంటవెంటనే రెండుసార్లు పడ్డది ఒక్కచోట చూపించమన్నాను. వెతికాడు, లేదు. అదృష్టం అన్నాడు. అయితే మీరు రాయండి, పాచిక లేకుండా, ఒకటి నుంచి ఇరవై దాకా బుర్రకి తోచిన అంకెలు రెండు వందలు అన్నాను. ఇదేం పిల్లాట అన్నాడు. చేతకాదా అన్నాను. మా చెల్లెలు ఎప్పుడో చెప్పింది, ఆయన్ని ఏ పనైనా చేయించాలంటే ఆ ఒక్క మాట చాలని.

ఆరున్నర నిమిషాల్లో రాసేశాడు. ఆయన కాగితంలోనూ వెంటవెంటనే పడ్డ అంకె ఒక్కటీ లేదు. మనిషికి ఇప్పుడే ఏడు రాశాను కదా, మళ్ళీ ఏడెలా వస్తుందనిపిస్తుంది. పాచికకి ఆ మొహమాటం ఉండదు. "ఆరున్నర నిమిషాలు మరిదిగారూ. మూడూ పదిహేనుకి వెళ్ళి, కొట్టి, నిచ్చెన పడుకోబెట్టి, మూడూ ఇరవై అయిదుకి వచ్చి కూర్చున్నా, డ్రైవరు వచ్చేలోగా కాగితం నింపి టీ కూడా తాగొచ్చు."

ఆయన తల అడ్డంగా తిప్పాడు. ఆయన తర్కం ఆయనది: కాగితం దొంగదే అనుకుందాం, బద్ధకానికి అలా రాసి ఉండొచ్చు. బద్ధకం నేరం కాదు. కూతురికి గొడవ ఉంది, టైము ఉంది, సాక్షి ఉంది. గడియారం నాలుగు చూపిస్తోంది. నా కళ్ళముందే ఫోన్ తీసి, ఆస్పత్రి గది బయట కాపలా ఉన్న కానిస్టేబుల్‌కి ఆ అమ్మాయిని జీపెక్కించమని చెప్పాడు. అవతల్నుంచి ఆమె ఏడుపు నాక్కూడా వినబడింది. ఎవరో ఒకరు నాన్న దగ్గర ఉండాలంటోంది. ఏర్పాటు చేశాను, దిగులుపడొద్దను అని ఈయన పెట్టేశాడు. ఆ పిల్ల ముఖం ఎలా చూడాలో నాకు తోచలేదు.

చేతులు ఆగక సంచిలోంచి నీలం పాచిక తీసి పచ్చగుడ్డ మీద వేయడం మొదలుపెట్టాను. నిజం పాచిక ఎలా పడుతుందో ఈయనకి కళ్ళారా చూపిద్దామని పట్టుదల. ప్రతిసారీ కళ్ళజోడు పెట్టుకుని, వంగి, పైకి చదివాను. పదిహేడు. నాలుగు. పదకొండు. రెండు. మళ్ళీ రెండు. "చూశారా, వెంటవెంటనే" అన్నాను. ఇరవై. రెండు. తొమ్మిది. నలభై సార్లు వేసేసరికి రెండు అయిదుసార్లు పడింది.

మా మరిది ముఖం వెలిగింది. "అయితే ముసలాయన అన్నదే నిజం. బరువు ఒకపక్కకి ఒరిగింది. ఊరికే రెండు పడుతోంది."

ఒరిగితే ఉప్పునీళ్ళు కావాలి. మాస్టారు ఉప్పు విప్పలేదు. ముందు కన్ను. నేను పలక వైపు చూశాను. 9కి 2.

పాచికని తొమ్మిది పైకి వచ్చేలా ట్రేలో పెట్టాను. వేళ్ళతో అలాగే ఎత్తి కింది ముఖం చూశాను. రెండు ఉంది. ఇంకోసారి చూశాను. తిప్పి పంతొమ్మిది పైకి పెట్టి చూస్తే దాని కిందా రెండే. మా మరిది చెయ్యి లాగి పాచిక ఆయన అరచేతిలో పెట్టి, దీంట్లో ఒక అంకె వెతికి పెట్టండి అన్నాను.

"ఏ అంకె?"

"తొమ్మిదికి ఎదురుగా ఉండాల్సింది. ఎదురెదురు ముఖాలు కలిపితే ఇరవై ఒకటి రావాలి. పన్నెండు వెతకండి."

ఇన్‌స్పెక్టర్ గారు కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో ఒక్కో ముఖం గోటితో గుర్తుపెట్టుకుంటూ ఇరవై ముఖాలూ తిప్పారు. రెండోసారి తిప్పారు. పన్నెండు లేదు. అచ్చు చెక్కేటప్పుడు రెండు ముందు ఉండాల్సిన ఒకటి చెక్కడం మర్చిపోయాడు బాబాయి. పన్నెండు రెండయింది, మూడు వేల పాచికల్లోనూ అయింది. మాస్టారు వచ్చి చూడు అన్నది అందుకే. తన చేతి పనికి వంక పెడితే సహించలేని మనిషి వచ్చాడు గానీ చూడలేదు. బరువు గొడవే అనుకున్నాడు, లారీ ఆగకూడదని వెనకనుంచి కొట్టాడు. తిరిగివెళ్ళి బరువు సరిగ్గా ఉందని చూపించే అందమైన కాగితం రాసుకున్నాడు.

ఫొటోలో లెక్కపెట్టాను. బాబాయి కాగితంలో పన్నెండు పదిసార్లు పడింది.

"నిన్న వేసింది ఇదే పాచిక అని మీ ఎదురుగా ఇచ్చాడు మరిదిగారూ. సంతకమూ పెట్టాడు. లేని అంకె పదిసార్లు ఎలా పడింది?"

ఆయన పాచికని జేబురుమాల్లో చుట్టి పెట్టుకున్నాడు. నాలుగూ ఇరవై రెండు. గెలిచానన్న సంతోషం నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఇందాకటి మాట ఒకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. పిల్ల కుర్చీలోంచి లేచింది, కానిస్టేబుల్ ఆమెతోపాటు జీపెక్కాడు. ఏర్పాటు చేశానన్నాడు ఈయన.

"మాస్టారి దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?"

మా మరిది మనిషి మనిషంతా తెల్లబోయాడు. నేను ఫోన్ అందుకున్నాను. మూడో అంతస్తు నర్సు నా గొంతు గుర్తుపట్టింది, పాచికావిడా అని నవ్వింది. శుభవార్తండీ, నాలుగూ పదికి పేషెంటు కళ్ళు తెరిచారు, కూతురు పేరు పెట్టి పిలిచారు అంది. డాక్టరు కింద ఆపరేషన్‌లో ఉన్నాడట, కబురు పంపిందట. ఈలోగా భయం లేదు, బంధువులాయన పక్కనే ఉన్నారంది.

"ఏ బంధువు?"

"తోడల్లుడు గారండీ. చాలా మంచాయన. అమ్మాయికి ఈ కబురు నేనే చెబుతాను, మీరెవరికీ ఫోన్ చెయ్యకండి అన్నారు. పేషెంటు కళ్ళకి వెలుతురు గుచ్చుకుంటోందని తెర వేయించారు. ఇప్పుడే తలుపు కూడా వేసుకున్నారు."

తలుపు తియ్యమన్నాను. ఆమె నడిచిన చప్పుడు, తట్టిన చప్పుడు వినబడ్డాయి. మళ్ళీ తట్టింది. గొంతులోంచి నవ్వు పోయింది. "లోపల గడియ వేసుకున్నారండీ. పలకట్లేదు."

పగలగొట్టండి, నలుగుర్ని పిలవండి, ఇప్పుడే అని అరిచాను. ఫోన్ అటు కిందపడ్డ చప్పుడైంది, ఎవరెవరో పరుగెత్తుతున్నారు. మా మరిది అప్పటికే వీధి తలుపు దాటి జీపు కోసం చూస్తున్నాడు. జీపు లేదు. పిల్లని తీసుకురావడానికి తనే పంపించాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మా ఇంటి అల్లుడైన పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

"ఆయన లోపలికెళ్ళడానికి పాస్ మీద సంతకం నాది వదినా."

నా చేతులు ఆ రోజు మొదటిసారి కదలకుండా ఉన్నాయి. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని, అవతల ఆ తలుపు విరిగే చప్పుడు కోసం వింటున్నాను.